పగటిపూట మూసిన తలుపు

లాల్‌బాగ్‌లో, వసారా పొడుగునా ఒంటిగది కాపురాలుండే మా గోవర్ధన్ చాల్‌లో పగటిపూట ఎవరింటి తలుపైనా మూసి ఉందంటే, లోపల ఎవరో పోయారని అర్థం. పోకపోతే మొగుడూ పెళ్లాం కొట్టుకుంటున్నారని. అదీ కాకపోతే నలుగురికీ చెప్పుకోలేని పనేదో జరుగుతోందని. ఇంకో కారణం ఉండొచ్చని మా వాళ్ల బుర్రకి ఏనాడూ తట్టలేదు. పాలవాడు వచ్చినప్పుడు తీసిన తలుపు మళ్లీ పడుకోబోయే ముందే వేసేది. ఉప్పు కావాలంటే ఎదురింట్లోకి వెళ్లి డబ్బాలోంచి తీసుకుని, “తీసుకున్నానే!” అని ఓ కేక వేసి వచ్చేయడమే. మా దగ్గర తలుపు తట్టేది పోలీసు, లేదంటే కొత్త మనిషి.

అట్లాంటి చాల్‌లో, మూడో అంతస్తులో ఉండే పరబ్ వాళ్ల కోడలు హేమాంగి పట్టపగలు తలుపు వేసి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇక చూసుకోండి!

హేమాంగి చెడ్డదేం కాదు. దేవ్‌గఢ్ వైపు సముద్రం ఒడ్డు పిల్ల. కామర్స్ చదువుకుంది. పెళ్లై వచ్చిన ఏడాదికే అంధేరీలో ఓ వైద్యబీమా కంపెనీలో చేరింది. ఆసుపత్రి బిల్లులు తిరస్కరించారని జనం ఫోన్లు చేసి ఏడిస్తే వినడం, ఓదార్చడం, కాగితాలు మళ్లీ పంపించమనడం ఆమె పని. మాట మెత్తన. అవతలివాడు బూతులు తిట్టినా “అవునండీ, మీ బాధ నాకు అర్థమైంది” అనేది. రోజూ కర్రీరోడ్డు స్టేషన్‌లో రైలెక్కి, చెరుకు మిషన్లోంచి తీసిన పిప్పిలాగా ఇంటికి వచ్చేది. మొగుడు విలాస్ భివండీలో ఓ గోడౌన్‌లో చేసేవాడు. ఆ గోడౌన్ సగం మూతపడి అతనికి వారంలో మూడు రోజులే పని మిగిలింది. అప్పట్నుంచీ ఇల్లు గడిచేది హేమాంగి ఉద్యోగం మీదే. ఆ ఉద్యోగం పోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఈ సంగతి మావగారితో సహా ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఒకరోజు కంపెనీవాళ్లు ఆఫీసుకి అద్దె దండగని, దాన్ని ఎత్తేసి అందరినీ ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. హేమాంగి ఎగిరి గంతేసింది. వసారాలో ఇంటింటికీ తిరిగి దూద్‌పేడాలు పంచింది. రైలు బాధ తప్పింది, మావగారికి వేళకింత వేడిగా వడ్డించొచ్చు, ఇంకేం కావాలి అనుకుంది పిచ్చిది.

వారం తిరక్కుండానే నిబంధనలు వచ్చాయి. జనం తమ రోగాల గురించి చెప్పుకుంటారు గనక పని వేళల్లో తలుపు మూసి ఉండాలి. గదిలో మరో మనిషి ఉండకూడదు. మరో గొంతు వినపడకూడదు. ఎప్పుడడిగితే అప్పుడు కెమెరా తిప్పి గది నాలుగు మూలలూ చూపించాలి. మూడుసార్లు తప్పు పట్టుబడితే ఉద్యోగం పోయినట్టే.

పదడుగులకి పన్నెండడుగుల గదిలో మరో మనిషి ఉండకూడదట! ఆ రూలు రాసిన మహానుభావుడి ఇంట్లో ఎన్ని గదులున్నాయో గానీ, పరబ్ వాళ్లకి ఉన్నదల్లా ఆ ఒక్కటే. అందులోనే మంచం, పొయ్యి, దేవుడు, ఓ మూల తెర కట్టిన స్నానాల చోటు. అందులోనే మావగారు. విలాస్ అంటే పని లేని రోజున కూడా బజారులో తిరిగొస్తాడు, ముసలాయన ఎక్కడికి పోతాడు?

మావగారు భికాజీ పరబ్ జీవితమంతా బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేశాడు. ఆ మిల్లు పోయి అక్కడ అద్దాల మేడ లేచింది. ఆయనకి మిల్లు మిగిల్చినవి రెండే. ఒకటి పత్తి నూగు వల్ల పట్టుకున్న దగ్గు, రెండోది పెద్ద గొంతు. మగ్గాల హోరులో చెవులు సగం పోయినవాళ్లు మెల్లగా మాట్లాడలేరు కదా! ఆయన “నీళ్లు కావాలి” అంటే కింద అంతస్తు వాళ్లు కూడా నీళ్లు పోసేవాళ్లు.

మొదట్లో పొద్దున్నే కుర్చీ తీసుకుని వసారాలో కూర్చునేవాడు. ఆయన కూర్చుంటే నలుగురు చేరతారు, చేరితే కేరమ్స్ ఆట గురించి వాదన మొదలవుతుంది. హేమాంగి చెవిలో ఆమె పైఅధికారి కిన్నరీ మేడమ్ గొంతు పలికింది. “మీ ఇంట్లో ఎవరు కొట్టుకుంటున్నారు? ఇది మొదటి హెచ్చరిక, హేమాంగీ!”

అదే రోజు పక్కగది షెవంతా కాకు, అంటే చాల్‌కంతా పిన్నిగారు, భికాజీతో వసారా అంతా వినేలా అంది. “ఏం భికాజీ, కోడలు కుర్చీతో సహా బయట పెట్టిందా? రేపు మంచం కూడా పెడుతుందేమో, చూసుకో!”

భికాజీకి తల కొట్టేసినట్టయింది. కుర్చీ ఎత్తుకుని లోపలికి వచ్చేశాడు. “అమ్మా, రేపట్నుంచి లోపలే ఉంటాను. నా ఊపిరి కూడా వినపడనివ్వను” అన్నాడు.

అన్నట్టే చేశాడు. అంత గొంతున్న మనిషి మూగవాడైపోయాడు. మగ్గాల షెడ్డులో మాట వినపడదు గనక మిల్లు మనుషులకి చేతుల భాష ఒకటి ఉండేది. దాన్ని ఇప్పుడు ఇంట్లోకి తెచ్చాడు. పిడికిలి నోటి దగ్గర వంచితే టీ, బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. మీసం మెలేస్తే ముకాదం, అంటే మేస్త్రీ, వస్తున్నాడు, జాగ్రత్త అని. కిన్నరీ మేడమ్ ఫోన్ వెలిగినప్పుడల్లా ముసలాయన మీసం మెలేసేవాడు. హేమాంగికి నవ్వాగేది కాదు. చెంగు నోట్లో కుక్కుకునేది.

ఆ నవ్వులు ఎన్నాళ్లో నిలవలేదు. ఓ మధ్యాహ్నం ఆయనకి ఆపుకోలేని దగ్గు వచ్చింది. వచ్చింది ఒక్కటే.

“మగవాళ్ల దగ్గు వినపడింది. ఎవరు?” అంది కిన్నరి.

“పక్కింట్లో మేడమ్. గోడ పల్చన.”

“నమ్మమంటావా? సరే. ఇది రెండోది. మూడోదైతే నా చేతుల్లో ఏమీ లేదు.”

నమ్మలేదని హేమాంగికి అర్థమైంది. ఎందుకంటే ఆ తర్వాత గది చూపించమనడం ఎక్కువైంది. పొద్దున ఓసారి, భోజనాల వేళ ఓసారి, ఊరికే మరోసారి. అడిగినప్పుడల్లా భికాజీ లేచి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, స్నానాల మూలలో తడి నేల మీద తెర వెనక నిలబడేవాడు. హేమాంగి కెమెరా మెల్లగా తిప్పేది, “చూశారా మేడమ్, ఎవరూ లేరు” అనేది. సొంత గదిలో, తన పేరున రాసి ఉన్న గదిలో, ఆ పెద్దాయన దొంగలా నిలబడాల్సి వచ్చింది. హేమాంగి ఆయన తడికాళ్లు తుడుచుకోవడానికి గుడ్డ అందించేది. కానీ వద్దు మావయ్యా అని మాత్రం అనలేదు. ఎలా అంటుంది?

దగ్గు లోపలికి మింగడం కూడా నేర్చుకున్నాడాయన. ముఖం ఎర్రబడేది, భుజాలు అదిరేవి, చప్పుడు మాత్రం ఉండేది కాదు.

లోపల సంగతి ఇది. బయట సంగతి వేరే. అప్పుడే మా చాల్‌ని పడగొట్టి కొత్త భవనం కడతానని ఓ బిల్డర్ తిరుగుతున్నాడు. సంతకాలు పెట్టాలన్నవాళ్లు సగం, ససేమిరా అన్నవాళ్లు సగం. ససేమిరా జట్టుకి పెద్ద షెవంతా కాకు. ఆవిడ కూడా ఒకప్పుడు భికాజీ మిల్లులోనే కండెలు చుట్టింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఆ గది తప్ప ఆవిడకి ఈ భూమ్మీద ఏమీ లేదు. అందుకని ప్రతి ఇంటి మీదా ఓ కన్ను వేసి ఉంచేది. ఆ కంటికి పరబ్ వాళ్ల మూసిన తలుపు నలుసైంది. లోపల కోడలు మెత్తగా మాట్లాడుతోంది, కాగితాలు పంపించమంటోంది, ముసలాడు చూస్తే అయిపూ అజా లేడు. గది ముసలాడి పేరున ఉంది. ఇంకేం కావాలి, ఆవిడ లెక్క తేలిపోయింది!

పొద్దున కుళాయి దగ్గర హేమాంగి బిందెతో రాగానే మాటలు ఆగిపోయేవి.

“ఏమ్మా, పగలంతా తలుపేసుకుని ఏం వండుతున్నావు?” అంది కాకు ఒకరోజు.

“ఆఫీసు పని కాకూ.”

“ఆఫీసు పనా! మా ఆయన ముప్ఫై ఏళ్లు మిల్లులో చేశాడు. ఒక్కనాడూ మగ్గాన్ని ఇంటికి తేలేదమ్మా!”

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. కాకు నవ్వలేదు. “భికాజీ పగలు బయటికి రావడం లేదేం? బాగా నిద్ర పడుతోందా? ఈ వయసులో అంత నిద్ర ఎలా పడుతోందో!”

ఆ మాటలోని విషం హేమాంగికి ఇంటికొచ్చి బిందె దించాక గానీ తలకెక్కలేదు. ఎక్కాక ఒళ్లు మండిపోయింది. ముసలాయనకి మాత్రలేసి పడుకోబెడుతున్నానని కదూ ఈవిడ అనడం!

అప్పట్నుంచి ఆమె కన్ను తలుపు కింద సందు మీదే ఉండేది. పని మధ్యలో అక్కడ ఓ నీడ వచ్చి ఆగేది. చెప్పుల చప్పుడు టపటపా వచ్చి సరిగ్గా తన గుమ్మం ముందే నిలిచిపోయేది. కొన్నిసార్లు ఏదో బరువైంది ఈడ్చినట్టు వినపడేది. ఓసారైతే తలుపు పైన ఉన్న వెంటిలేటర్‌లోంచి వచ్చే వెలుగు ఒక్క క్షణం మసకబారింది.

“ఆ వెంటిలేటర్‌కి అట్టముక్క కొట్టండి, ఎవరో తొంగి చూస్తున్నారు” అంది విలాస్‌తో.

“ఎవరు చూస్తారే? పావురమేమో.”

“పావురాలు చెప్పులేసుకుని రావు.”

“సరే తల్లీ, ఆదివారం కొడతాలే” అన్నాడు.

అంతలో ఇంకొకటి చూసింది. సాయంత్రం పని ముగిశాక తలుపు తీసి, కాసేపటికి బయటికొచ్చి చూస్తే, వసారాలో కటకటాల దగ్గర ఆ కొసన కాకు, ఈ కొసన మావగారు. ఇద్దరి నోరూ మూసే ఉంది, చేతులు మాత్రం గాలిలో చకచకా ఆడుతున్నాయి. కాకు తలుపు వైపు వేలు చూపించి ఏదో అడిగింది. ఈయన గుండెల మీద అరచెయ్యి రాసుకుంటూ ఏదో చెప్పాడు. హేమాంగిని చూడగానే ఇద్దరి చేతులూ కిందికి దిగాయి.

“ఏం మాట్లాడుకుంటున్నారు మావయ్యా?”

“ఏముందమ్మా, పాత మిల్లు సంగతులు” అన్నాడాయన ఎటో చూస్తూ.

మిల్లు సంగతులైతే తన తలుపు వైపు వేలెందుకు? అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! ఆ రోజునుంచి ఆమెకి ఇంటి మనిషి మీద కూడా నమ్మకం పోయింది. “మీ నాన్న ఆవిడకి అన్నీ మోస్తున్నారు” అని మొగుడితో అంది. అతను కొట్టిపారేశాడు. అప్పుడింకో ఆలోచన వచ్చింది. ఆ రోజు దగ్గు నిజంగా ఆగక వచ్చిందా? లేకపోతే విసుగెత్తి, ఈ పీడ ఎలాగైనా వదిలిపోవాలని ఆయనే కావాలని దగ్గాడా? ఎంత మాట! పైకి అనలేదు గానీ, అనుకోవడమైతే అనుకుంది. అనుకుని, ఆయనకి టీ ఇచ్చేటప్పుడు ముఖం చూడలేకపోయింది.

శుక్రవారం పొద్దున్నే కిన్నరి చెప్పింది. “ఈరోజంతా నీ ఫోన్లు నేను లైన్లో ఉండి వింటాను. ఒక్క చప్పుడు వచ్చినా వదలను.”

హేమాంగి ఆ మాట భికాజీకి చేతులతో చెప్పింది. మీసం మెలేసి, చెవి చూపించి, రోజంతా అన్నట్టు వేలు గుండ్రంగా తిప్పింది. ఆయన తలూపాడు. తువ్వాలు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఆయన మంచం మీద కూర్చుని బియ్యపు రొట్టె, ఎండు రొయ్యల పొడి తింటున్నాడు. పళ్లెం చప్పుడు కాకుండా కింద గుడ్డ కూడా వేసుకున్నాడు. హేమాంగి ఆయన వైపు వీపు పెట్టి, గోడకేసి లాప్‌టాప్ ముందు కూర్చుంది. చెవిలో అమరావతి నుంచి ఒకావిడ ఏడుస్తోంది. భర్త ఆపరేషన్ బిల్లు తిరస్కరించారట. “అవునమ్మా, మీ బాధ నాకు అర్థమైంది” అంటోంది హేమాంగి. ఆ లైన్లోనే కిన్నరి ఊపిరి బిగబట్టి వింటోందని ఆమెకి తెలుసు.

రొయ్యల పొడి ఘాటుకి భికాజీకి దగ్గొచ్చింది. అలవాటుగా మింగాడు. నోట్లో ముద్ద ఉండగా మింగాడు. పొలమారింది. ఇంకెవరికైనా అయితే పెద్దగా దగ్గి, నాలుగు గుక్కల నీళ్లు తాగితే సరిపోయేది. ఈయన తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. ముద్ద గొంతుకి అడ్డం పడింది.

గోడకి వేలాడే గడ్డం గీసుకునే అద్దంలో హేమాంగికి ఆయన చెయ్యి కనిపించింది. పిడికిలితో గుండె మీద రెండుసార్లు కొట్టుకుని, చేతిని నిలువుగా కిందికి దించాడు. మళ్లీ అలాగే చేశాడు. అది టీ కాదు, నీళ్లు కాదు. ఆమెకి రాని మాట. పళ్లెం తియ్యమంటున్నాడేమో అనుకుంది. లేక మళ్లీ ఆ కాకు గుమ్మం దగ్గరికి వచ్చిందని చెబుతున్నాడో! సరిగ్గా ఈ వేళే రావాలా ఈ గోల అని విసుక్కుంది. వెనక్కి తిరగలేదు. అరచెయ్యి వెనక్కి చాపి, ఆగండి అని చూపించింది.

ఆయన ఆగాడు. ఏనాడూ కోడలి మాట కాదన్నవాడు కాదు.

అప్పుడు తలుపు మీద దబదబా బాదుడు మొదలైంది. “హేమాంగీ! తలుపు తియ్యి! తియ్యవే!”

కాకు గొంతు! అనుకున్నంతా అయింది. పగబట్టినట్టు, ఈరోజే, ఈ నిమిషమే!

“ఏంటా చప్పుడు?” అంది కిన్నరి చెవిలో. “తియ్యకు. ముందు ఫోన్ పూర్తి చెయ్యి. హేమాంగీ, ఇది మూడోది, గుర్తుందిగా?”

హేమాంగి లేవలేదు. పళ్లు కరుచుకుని, “అమ్మా, మీరు చెప్పండి” అంది అమరావతి ఆవిడతో.

ఈసారి కేక తలుపు పైనుంచి వచ్చింది. “నీ ఉద్యోగం తగలెయ్యా! వెనక్కి చూడవే! మగ్గం ఆపమంటున్నాడే వాడు! మిల్లులో మనిషి ప్రాణం మీదికి వస్తేనే అలా అనేది! మగ్గం ఆపమంటున్నాడు!”

హేమాంగి తలెత్తి చూసింది. విలాస్ ఇంకా అట్ట కొట్టని వెంటిలేటర్‌లో కాకు ముఖం. అప్పుడు వెనక్కి తిరిగింది. భికాజీ మంచం మీద పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. తువ్వాలు ఇంకా నోట్లోనే ఉంది. చెయ్యి మాత్రం ఇంకా మెల్లగా కిందికి దిగుతోంది.

గడియ ఎలా తీసిందో ఆమెకే తెలీదు. కాకు స్టూలు తన్నేసి లోపలికి దూకింది. తువ్వాలు లాగి, ఆయన్ని ముందుకి వంచి, కండెలు తిప్పిన ఆ అరచేతితో వీపు మీద ఫెడేల్ ఫెడేల్‌మని చరిచింది. “ఒరే భిక్యా, కక్కరా! కక్కు!” నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో ముద్ద నేల మీద పడింది.

ఆ తర్వాత దగ్గాడు చూడండి! నెలల తరబడి మింగిన దగ్గులన్నీ ఒక్కసారి బయటపడ్డట్టు దగ్గాడు. మూడు అంతస్తుల జనం కటకటాల దగ్గరికి వచ్చారు.

“ఎవరది?” చెవిలో కిన్నరి అరుస్తోంది. “మగమనిషి! నీ గదిలో ఎవరున్నారు హేమాంగీ?”

“మా మావయ్య మేడమ్” అంది హేమాంగి. “ఈ గది ఆయనది. రోజూ ఇక్కడే ఉన్నారు. మీరు చూపించమన్నప్పుడల్లా స్నానాల మూలలో దాచాను.”

“దీనర్థం ఏంటో తెలుసుగా నీకు?”

“తెలుసు మేడమ్.”

అమరావతి ఆవిడ ఏడుపు ఎప్పుడాపిందో ఏమో, మధ్యలో అంది. “ముందు ఆయనకి నీళ్లివ్వమ్మా. నా గొడవ తర్వాత.”

హేమాంగి హెడ్‌ఫోన్ తీసి, లాప్‌టాప్ మూసేసి, నీళ్లు తెచ్చింది. ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. “ఆగమన్నాను మావయ్యా. మిమ్మల్ని నేను ఆగమన్నాను” అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

కాకు చెమట తుడుచుకుంటూ గుమ్మంలో కూర్చుంది.

“స్టూలు ఎందుకెక్కావు కాకూ?” అంది హేమాంగి కాసేపటికి.

“ఎందుకేంటి, నిన్ను పట్టుకోడానికి! రోజూ ఎక్కుతున్నా గానీ, నువ్వు కదిలితే చాలు దిగిపోయేదాన్ని, సరిగ్గా ఏదీ కనపడలేదు. వీణ్ణి నిద్రపుచ్చి బిల్డర్‌తో బేరాలాడుతున్నావని నా అనుమానం. కోడలు సరిగ్గా చూస్తోందా అని చేతులతో అడిగా కూడా. గుండె మీద చెయ్యేసుకుని బంగారమన్నాడు. నేను నమ్మలేదు. కోడల్ని మెచ్చుకునే మావగారు లోకంలో ఎక్కడైనా ఉన్నాడటే?” గొంతు తగ్గించి అడిగింది. “ఇప్పుడైనా నిజం చెప్పు. సంతకం పెట్టేశారా?”

“ఒట్టు కాకూ, లేదు.”

“ఊఁ” అంది కాకు. ఆ ‘ఊఁ’లో ఇంకా సగం అనుమానమే ఉంది.

భికాజీ ఒక చేత్తో మంచం పట్టీ పట్టుకుని, రెండో చేతిని మూతి దగ్గరికి తెచ్చి మీసం మెలేశాడు. తర్వాత అరచెయ్యి తిప్పి కోడలి వైపు చూశాడు. ఉద్యోగం ఉందా, పోయిందా అని. అంతలో ఆయనకి మళ్లీ దగ్గు తెర వచ్చింది. చెయ్యి అలవాటుగా తువ్వాలు కోసం వెతికింది.

హేమాంగి ఆ తువ్వాలు లాక్కుంది. “దగ్గండి మావయ్యా. గట్టిగా దగ్గండి.”

ఆయన ముందు లాప్‌టాప్ వైపు చూశాడు. అది మూసి ఉంది. అప్పుడు దగ్గాడు.